పెద్దిల్లు చివరికి

లూసియానాలో విట్నీ తోటకు వెళ్తే అక్కడి పెద్దిల్లు చివరికి గానీ చూపించరు. ముందు చర్చి, తర్వాత పేర్లు చెక్కిన రాతిగోడలు, బానిసలు ఉన్న కొయ్య గుడిసెలు, చెరుకురసం కాచిన ఇనప కొప్పెరలు, కమ్మరి కొట్టం, వంటిల్లు. ఇవన్నీ దాటాకే ఇంటి వంతు. మ్యూజియం వాళ్ళు కావాలనే వేసిన దారి ఇది. మా ఇంటికొచ్చే చుట్టాల్లో కొందరికి ఈ వరస నచ్చదు. “ఇల్లు చూపిస్తానని తీసుకొచ్చి ఎండలో సమాధుల చుట్టూ తిప్పుతావేమిటయ్యా” అని ఓ పెద్దాయన నా ముఖానే అన్నాడు.

మేముండేది బాటన్ రూజ్‌లో. ఇక్కణ్ణుంచి న్యూ ఆర్లీన్స్ దాకా మిసిసిపీ నదికి రెండు గట్ల వెంబడీ పాత రోడ్డుంది. దాన్ని రివర్ రోడ్ అంటారు. అమెరికా అంతర్యుద్ధానికి ముందు ఈ రోడ్డు పొడవునా చెరుకు తోటలు, ప్రతి తోటకూ నది వైపు ముఖం పెట్టిన ఒక పెద్దిల్లు. ఇప్పుడు మిగిలినవి కొన్నే. వాటి మధ్య రసాయన కర్మాగారాలు, నూనె ట్యాంకులు, ఇంకా చెరుకు చేలు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు వీటిని జమీందారుల బంగళాలు అనుకుంటారు. పోలిక పైకి కుదురుతుంది గానీ లోపల కుదరదు. మన జమీందారు రైతు దగ్గర శిస్తు వసూలు చేశాడు, వెట్టి చేయించుకున్నాడు, అవసరమైతే కొట్టించాడు. కానీ రైతునీ అతని పిల్లల్నీ తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకోలేదు. ఇక్కడి తోట యజమాని తెచ్చుకున్నాడు. అతని ఆస్తిలో విలువైన భాగం ఇల్లు కాదు, చాలాచోట్ల భూమి కూడా కాదు, మనుషులు.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ఓక్ ఆలీ అనే తోటకి. నది నుంచి ఇంటి దాకా రెండు వరసల్లో 28 ఓక్ మహావృక్షాలు, వాటి చివర తెల్ల స్తంభాల మేడ. ఫోటోలకు అంతకన్నా మంచి చోటు ఈ రాష్ట్రంలో లేదు. జాక్ రోమన్ అనే చెరుకు ఆసామి 1837లో మొదలుపెట్టి 1839లో పూర్తి చేయించిన ఇల్లది. చెట్లు ఇంటికంటే చాలా ముందువి. ఆ తోటలో ఆంత్వాన్ అనే తోటమాలి ఉండేవాడు, బానిస. 1846-47 చలికాలంలో అతను పీకన్ అనే, అక్రోటు లాంటి కాయ కాసే చెట్లకు అంటు కట్టాడు. పీకన్‌కు అంటు కట్టి గెలిచినవాళ్ళలో మొదటివాడిగా అతని పేరే చెబుతారు. చేత్తో చిదిపేంత పలచటి పెంకున్న కాయ వచ్చింది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనలో ఆ రకానికి బహుమతి వచ్చింది, ‘సెంటెన్నియల్’ అనే పేరూ దక్కింది. ఆంత్వాన్‌కు దక్కిందల్లా 1848లో యజమాని చనిపోయినప్పుడు రాసిన ఆస్తుల జాబితాలో ఒక పంక్తి: వయసు 38, వెల వెయ్యి డాలర్లు. అమెరికాలో మనం పండగలకు తెచ్చుకునే పీకన్ మిఠాయిల వెనక ఇంత కథ ఉందని ఆ ఓక్ చెట్ల కింద నిలబడినప్పుడు తట్టదు. ఇంటి అందం చేసే పని అదే మరి.

అందుకే నేను చుట్టాల్ని విట్నీకి తీసుకెళ్తాను. అదీగాక ఆ తోట కథకు మన కోస్తాతో ఒక మెలిక ఉంది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లె. బందరు మాకు మరీ దూరం కాదు. బందరులో ఫ్రెంచిపేట ఉందని తెలుసుగానీ ఆ ఫ్రెంచివాళ్ళు ఇంకెక్కడెక్కడ ఏం చేశారో చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. 1669లో వాళ్ళు బందరులో వర్తకస్థానం పెట్టారు. 1719లో జాన్ లా అనే స్కాట్లండ్ ఆసామి ఫ్రెంచి వర్తక సంఘాలన్నిటినీ కలిపి ఒకే కంపెనీ చేశాడు, దాని పేరు కంపెనీ ఆఫ్ ది ఇండీస్. పుదుచ్చేరి ఆ కంపెనీదే. 1723 ప్రాంతంలో యానాంలో దిగిందీ ఆ కంపెనీయే. సెనెగల్ తీరంలో బానిసల వ్యాపారం మీద గుత్తాధికారం దానిదే. లూసియానా కూడా 1731 దాకా దాని చేతుల్లోనే ఉంది. ఒకే సంస్థ లెక్కల పుస్తకాల్లో యానాం బట్టల మూటలూ సెనెగల్ మనుషులూ మిసిసిపీ భూములూ ఉన్నాయన్నమాట.

ఆ మూటలకూ ఆ మనుషులకూ సంబంధం లేకపోలేదు. ఆఫ్రికా తీరంలో బానిసల్ని కొనడానికి యూరపు వర్తకులు ఇచ్చిన సరుకుల్లో భారతదేశపు నూలుబట్టలది పెద్ద వాటా. కోరమాండల్ తీరంలో నేసి నీలి అద్దిన బట్టలకు అక్కడ గిరాకీ ఎంతంటే, వాటికి ‘గినీ బట్ట’ అనే పేరే స్థిరపడింది. బందరు, నరసాపురం, మాధవాయపాలెం చుట్టుపక్కల మగ్గాల మీద దిగిన తానులు ఏ ఓడలో ఏ రేవుకు చేరాయో నేతగాడికి తెలిసే వీలు లేదు. అతను తనకు బయానా ఇచ్చిన దళారిని చూశాడు, అంతే. నేను నేరం ఎవరి నెత్తినా పెట్టడం లేదు. ‘అమెరికా బానిసత్వంతో మనకేం పని’ అని మనవాళ్ళు తేలిగ్గా అనే మాట మాత్రం నిలవదంటున్నాను.

లూసియానాకు ఆఫ్రికా నుంచి నేరుగా బానిసల ఓడలు రావడం 1719లో మొదలైంది. కంపెనీ హయాం ముగిసేలోగా దాదాపు 6,000 మందిని దించారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది సెనెగల్, గాంబియా నదుల ప్రాంతంవాళ్ళు. వరి తెలిసినవాళ్ళను చూసి కొనండని, విత్తనపు వడ్లు కూడా తెండని మొదటి ఓడల కెప్టెన్లకు కంపెనీ ఆజ్ఞ. బురద నేలలో ఏం పండించాలో ఫ్రెంచివాళ్ళకు తెలియదు, వీళ్ళకు తెలుసు. అదే కంపెనీ జర్మనీ నుంచి పేద రైతుల్ని కూడా ఆశపెట్టి తెచ్చింది. చాలామంది రేవుల్లోనే, ఓడల్లోనే చచ్చిపోయారు. బతికి బట్టకట్టినవాళ్ళు న్యూ ఆర్లీన్స్‌కు ఎగువన స్థిరపడ్డారు కాబట్టి ఆ గట్టుకు జర్మన్ తీరమని పేరు. 1721లో అలా తల్లితో, తోబుట్టువులతో వచ్చిన కుర్రాడు ఆంబ్రోజ్ హైడెల్. 1752లో ఇప్పటి విట్నీ ఉన్న భూమి కొన్నాడు. మొదట వేసింది నీలిమందు. ఇంటిపేరు ఫ్రెంచి నోట్లో పడి హేడెల్ అయింది. ఒక్క తరం తిరిగేసరికి నిరుపేద వలస కుటుంబం బానిసల యజమాని అయింది. వలస వచ్చినవాళ్ళం కాబట్టి ఇది మనం కాస్త ఆగి చదవాల్సిన చోటు.

పెద్దిల్లు కట్టించింది ఆంబ్రోజ్ చిన్నకొడుకు జాన్ జాక్, సుమారు 1790లో. అప్పటికి లూసియానాను ఫ్రాన్స్ స్పెయిన్‌కు ఇచ్చేసి పాతికేళ్ళు దాటింది. అంటే స్పెయిన్ రాజు నేల మీద, ఫ్రెంచి మాట్లాడే జర్మన్ కుటుంబం కోసం, ఆఫ్రికావాళ్ళ చేతులు కట్టిన ఇల్లు. దీన్ని క్రియోల్ పద్ధతి అంటారు. ఓక్ ఆలీలోని గ్రీకు గుడి స్తంభాల ఆర్భాటం ఇంకా రాని రోజులవి. ఈ ఇల్లు చూడగానే ఎవరినీ బెదిరించదు. వెడల్పాటి వాలు కప్పు, పైనా కిందా పొడవాటి వసారా, దానిలోకి తెరుచుకునే నిలువెత్తు తలుపులు, అంతే.

ప్రతిదానికీ కారణం ఉంది. గట్టు ఎంత ఎత్తు పోసినా నది పొంగుతుంది కాబట్టి కింది అంతస్తు ఇటుకతో కట్టి సామాన్ల గదులకు వదిలి, కాపురం పైన పెట్టారు. గాలి ఆడాలని ముందు తలుపుకు ఎదురుగా వెనక తలుపు ఉంచారు. గదుల మధ్య నడవా ఉండదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలి. మెట్లు ఇంటి లోపల కాదు, వసారాలో. వసారా ఎండ పడనివ్వదు, జడివానలో కూడా తలుపులు తీసి ఉంచుకోవచ్చు. ఈ పద్ధతి కరీబియన్ దీవుల మీదుగా వచ్చిందని చాలామంది చరిత్రకారుల మాట. ఆఫ్రికా ఇళ్ళ పోలికలు చూపించేవాళ్ళూ ఉన్నారు.

ఇలాంటి ఇళ్ళ గోడల పని చూడదగింది. ముందు సైప్రస్ కలపతో చట్రం నిలబెడతారు. సైప్రస్ చిత్తడి అడవుల్లో, నడుం లోతు నీళ్ళలో పెరిగే చెట్టు. తేమకు పుచ్చదు, చెదలు పట్టదు. దాన్ని నరికి బయటికి లాగడం పాముల మధ్య, దోమల మధ్య చేసే పని. చట్రంలో నిలువు గుంజల మధ్య అడ్డపుల్లలు బిగిస్తారు. ఆ చెట్ల కొమ్మలకే బూడిదరంగు నాచు ఒకటి బారలు బారలుగా వేలాడుతుంటుంది. దాన్ని నీళ్ళలో నానేసి, పైతోలు కుళ్ళబెడితే నల్లటి పీచు మిగులుతుంది. ఆ పీచును బంకమట్టిలో కలిపి కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి అడ్డపుల్లల మీద వేలాడదీస్తూ సందులు పూడుస్తారు. ఆరాక పైన సున్నం. ఈ మట్టిగోడను ఇక్కడ బూసిలాజ్ అంటారు. రెండు వందల ఏళ్ళ పైబడి తుపాన్లకు ఆగిన గోడ లోపల ఉన్నది నాచూ మట్టీ. అది తొక్కిన పాదాలు ఎవరివో ఏ రసీదులోనూ లేదు.

లోపల పైకప్పుల మీదా గోడల మీదా రంగుల అలంకారాలు ఉన్నాయి. ఇటలీ చిత్రకారుడు డొమినికో కానోవా వేశాడని చెబుతారు. ఇటూ అటూ రెండు పావురాల గూళ్ళు, వెనక విడిగా వంటిల్లు. నిప్పు భయానికీ వేడికీ వంటిల్లు దూరంగా కట్టేవారు, గిన్నెలు మోయడానికి మనుషులు ఉన్నారు కాబట్టి దూరం బాధ యజమానికి లేదు. కాస్త అవతల ఒక కొయ్య గాదె ఉంది, ఫ్రెంచి క్రియోల్ పద్ధతిలో కట్టినవాటిలో ఉత్తర అమెరికాలో మిగిలింది అదొక్కటేనంటారు.

నేల కొలతలోనూ ఓ చరిత్ర ఉంది. ఫ్రెంచివాళ్ళు భూమిని నది నుంచి వెనక్కి సన్నటి పొడవాటి పట్టీలుగా కోశారు. నదే రోడ్డు కాబట్టి అందరికీ నది ముఖం కావాలి. మెరక నేల, పెద్దిల్లు నది దగ్గర, దాని వెనక గుడిసెలు, గానుగ, చేలు, చివర చిత్తడి అడవి. ఇప్పుడు ఆకాశం నుంచి చూసినా ఆ గీతలు అలాగే ఉన్నాయి. 1960ల తర్వాత వచ్చిన కర్మాగారాలకు ఈ పట్టీలు భలే కుదిరాయి. ఒక్క యజమాని దగ్గర కొంటే చాలు, ముందు ఓడలు నిలిచే రేవు, వెనక రైలు.

ఇక చెరుకు. 1791లో ఇప్పటి హైతీలో బానిసలు తిరగబడ్డారు. ప్రపంచానికి పంచదార పోసిన దీవి తగలబడిపోయింది, ధర పెరిగింది. 1795లో న్యూ ఆర్లీన్స్ పక్కన ఎత్యేన్ ద బోరే అనే ఆసామి ఇక్కడి చెరుకుతో పంచదార పలుకు కట్టించి లాభం చూపించాడు. నీలిమందు పురుగుపట్టి దెబ్బతిన్న ఆసాములంతా చెరుకు మీద పడ్డారు. హేడెల్ కుటుంబం కూడా. స్పెయిన్ నుంచి మళ్ళీ ఫ్రాన్స్ చేతికి వచ్చిన లూసియానాను 1803లో అమెరికా కోటిన్నర డాలర్లకు కొన్నాక సరిహద్దు లేని మార్కెట్ దొరికింది. 1808లో బయటి నుంచి బానిసల దిగుమతిని అమెరికా నిషేధించింది, కానీ లోపలి వ్యాపారాన్ని ముట్టుకోలేదు. వర్జీనియా, మేరీలాండ్ వైపు నుంచి మనుషుల్ని గొలుసులు వేసి నడిపించి, ఓడల్లో వేసి ఇటు అమ్మారు. అంతర్యుద్ధం నాటికి అలా దక్షిణానికీ పడమరకూ తరలించిన వాళ్ళు దాదాపు పది లక్షలు. న్యూ ఆర్లీన్స్ ఆ సంతల్లో పెద్దది.

ఒకసారి మా బాబాయిని విట్నీకి తీసుకెళ్ళాను. ఆయన ముప్ఫై ఏళ్ళు చెరుకు వేసినవాడు, ఫ్యాక్టరీకి తోలక ముందు ఇంటి దగ్గరే బెల్లం వండించినవాడు. చర్చి దగ్గరా గోడల దగ్గరా మౌనంగా నడిచాడు. ఇనప కొప్పెరల దగ్గర మాత్రం వంగి, అంచు మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

“మనకు ఒకటే పెనం. వీళ్ళకు ఇన్నెందుకురా?”

అక్కడి పద్ధతి చెప్పాను. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా నాలుగైదు కొప్పెరలు వరసగా ఒకే పొయ్యి మీద. పెద్దదాంట్లో రసం పోసి, సున్నం వేసి, మడ్డి తీస్తారు. చిక్కబడిన కొద్దీ పొడుగు గరిటెలతో పక్క దాంట్లోకి, దాన్నుంచి దాని పక్క దాంట్లోకి తోడతారు. మంట అన్నిటికన్నా ఎక్కువ తగిలేది ఆఖరి చిన్నదానికి. అక్కడ పాకం తీగ సాగే క్షణం పట్టుకోవాలి. ఆ క్షణం తప్పితే మొత్తం పాడు.

“తోడేది మనుషులేనా? రాత్రిళ్ళు కూడా?”

“రాత్రిళ్ళు కూడా.”

“నిద్రొస్తే?”

నేనేం చెప్పలేదు. ఆయన తన మోచేతి మీద మచ్చను ఇంకో చేత్తో రుద్దుకున్నాడు. పాకం చిందితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మనకు బెల్లం వండటం ఒక రైతు, నలుగురు కూలీలు, నాలుగు రోజుల పని. ఇక్కడ మంచు భయం. లూసియానా చెరుకుకు ఏడాదంతా ఎండ దొరకదు, మంచు కురిస్తే పైరు పాడు. అందుకని అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా నరకడం, ఆడటం, కాచడం ఒక్క ఊపున. రోజుకు 16 నుంచి 18 గంటలు. గానుగ రోళ్ళలో వేళ్ళూ చేతులూ పోయేవి. అమెరికా దక్షిణంలో పత్తి, పొగాకు పండే చోట్ల బానిసల జనాభా పెరిగింది. ఈ చెరుకు పల్లెల్లో పుట్టినవాళ్ళకంటే చచ్చినవాళ్ళు ఎక్కువ. తగ్గిన లెక్కను సంతలో కొని పూడ్చారు.

ఈ కొప్పెరల వరసకు స్వస్తి చెప్పిన మనిషి కూడా ఇక్కడివాడే. నోర్బెర్ రిల్యూ 1806లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. తండ్రి తెల్ల ఇంజనీరు, తల్లి నల్లజాతి మూలాలున్న స్వతంత్ర స్త్రీ. పారిస్‌లో చదువుకుని అక్కడే పాఠాలు చెప్పాడు. తిరిగొచ్చి, గాలి ఒత్తిడి తగ్గించిన మూసిన పాత్రల్లో ఒకదాని ఆవిరితో ఇంకోదాన్ని మరిగించే యంత్రం చేశాడు. 1843లో ఒకటి, 1846లో ఒకటి పేటెంట్లు. గరిటెల పని పోయింది, వంటచెరకు ఖర్చు తగ్గింది. ఉయ్యూరు ఫ్యాక్టరీతో సహా ప్రపంచంలో పంచదార మిల్లులు ఇప్పటికీ నడిచేది ఆ సూత్రం మీదే. అంత చేసిన మనిషికి తన ఊళ్ళో తెల్లవాళ్ళతో సమానంగా కూర్చునే హక్కు లేదు. మళ్ళీ పారిస్ వెళ్ళిపోయి అక్కడే కన్నుమూశాడు.

చెరుకు మన చరిత్రలోనూ ఆ రోజుల్లోనే ఒక మలుపు తిరిగింది. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ తోటలకు కూలీలు కావాల్సి వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళు వెళ్ళింది ఆ చెరుకు చేలకే. వాళ్ళవి ఒప్పందం కూలీ బతుకులు, గడువుంది, కాగితం ఉంది. బానిసత్వంతో సమానం అనను. కానీ ఖాళీ అయిన ఎవరి గుడిసెల్లోకి మనవాళ్ళను దించారో గుర్తుంచుకోవాలి.

విట్నీలో 1840 నుంచి 1860 దాకా పెత్తనం ఒక స్త్రీది. మార్సెలిన్ హేడెల్ భార్య మారీ అజెలీ, భర్త పోయాక ఇరవై ఏళ్ళు తోట నడిపింది. ఫ్రెంచి, స్పానిష్ చట్టాల పుణ్యమా అని లూసియానాలో భార్యకు ఆస్తిలో హక్కుండేది. ఆమె హయాంలో ఒక్క గానుగాట కాలంలో 4 లక్షల పౌన్లకు పైగా పంచదార తీశారు. ఆడది యజమాని అయితే దయ ఉంటుందనే భ్రమ ఎవరికైనా ఉంటే ఆ అంకె చాలు.

అజెలీకి పిల్లల్లేరు. న్యూ ఆర్లీన్స్‌లో కొన్న అన్నా అనే చిన్నపిల్లను ఇంట్లో పెంచుకుంది. పెంచుకుంది అంటే దత్తత కాదు, బానిసగానే. ఆ పిల్ల పెద్దయ్యాక అజెలీ సోదరుడు ఆంత్వాన్ హేడెల్ ఆమెను చెరిచాడు. 1835లో విక్టర్ పుట్టాడు. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, అది ఫ్రెంచివాళ్ళు బానిసల మీద చేసిన 1724 నాటి ‘నల్ల చట్టం’ నుంచీ ఉన్న నియమం. మేనల్లుడు మేనత్త ఇంట్లో ఆస్తిగా పెరిగాడు. వసారాలూ ఎదురెదురు తలుపులూ ఉన్న ఆ ఇంట్లో ఎవరికీ ఏదీ తెలియకుండా ఉండే వీలు లేదు. నడవా లేని ఇల్లని ముందే చెప్పాను. విక్టర్ వారసుల్లో ఒకరైన సిబిల్ హేడెల్‌ను పెళ్ళాడిన ఎర్నెస్ట్ మోరియల్ 1978లో న్యూ ఆర్లీన్స్‌కు తొలి నల్లజాతి మేయరయ్యాడు. వాళ్ళ కొడుకు మార్క్ కూడా ఆ పదవి చేశాడు.

తిరుగుబాటు లేదా అని అడుగుతారు. ఉంది. 1811 జనవరి 8 రాత్రి, నది అవతలి గట్టున మాన్యుయెల్ ఆండ్రీ తోటలో చార్ల్స్ దేలాండ్ నాయకత్వంలో బానిసలు లేచారు. చెరుకు కత్తులు, డప్పులు, జెండాలతో న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు. దారిలో తోట తోటకూ జనం కలిసి కొన్ని వందలయ్యారు. అమెరికా చరిత్రలో అంత పెద్ద బానిసల తిరుగుబాటు మరొకటి లేదు. రెండు రోజుల్లో అణచేశారు. చంపినవాళ్ళ తలలు నరికి నది గట్టు వెంబడి కొయ్యలకు గుచ్చారు. విట్నీలో దానికి గుర్తుగా వుడ్రో నాష్ అనే శిల్పి చేసిన సెరామిక్ తలలు ఇనప చువ్వల మీద ఉంటాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకోవడం మంచిది.

లింకన్ 1863 జనవరి 1న విముక్తి ప్రకటన చేశాడని మనం స్కూల్లో చదివాం. ఆ ప్రకటనలోనే లూసియానాలో కొన్ని జిల్లాలకు ఇది వర్తించదని పేర్లతో సహా రాసి ఉంది. విట్నీ ఉన్న సెయింట్ జాన్ వాటిలో ఒకటి. అప్పటికే ఉత్తరాది సైన్యం చేతికి వచ్చిన ప్రాంతాలివి, ఇక్కడి ఆసాములు నొచ్చుకోకూడదని లెక్క. వీళ్ళకు విడుదల 1864లో రాష్ట్రపు కొత్త రాజ్యాంగంతో గానీ రాలేదు.

1867లో తోటను బ్రాడిష్ జాన్సన్ కొని, మనవడి పేరు కలిసేలా ‘విట్నీ’ అని పెట్టాడు. ఈయన న్యూయార్క్‌లో సారా బట్టీల యజమాని. బట్టీ మడ్డి తాగించి పెంచిన రోగిష్టి ఆవుల పాలు ఊరంతా అమ్మించి పిల్లల చావులకు కారణమయ్యాడని 1858లో అక్కడి పత్రిక బట్టబయలు చేసింది. ఆ మనిషి పెట్టిన పేరే మ్యూజియానికి మిగలడం నాకు కాస్త కష్టంగా ఉంటుంది. విడుదలైన జనం ఎక్కువమంది ఎక్కడికీ పోలేకపోయారు. కూలి తోట కొట్లోనే ఖర్చయ్యేది. 1887లో దగ్గర్లోని తిబొడోలో చెరుకు కూలీలు సమ్మె చేస్తే పదులకొద్దీ మందిని కాల్చి చంపారు. విట్నీ గుడిసెల్లో 1975 దాకా మనుషులు కాపురం ఉన్నారు.

1990లో ఫార్మోసా అనే తైవాన్ సంస్థ రేయాన్ ఫ్యాక్టరీ కోసం ఈ భూమి కొంది. ఊరివాళ్ళు ఎదురు తిరిగారు, రేయాన్ బజారు కూడా పడిపోయింది. అనుమతుల కోసం ఆ సంస్థ చేయించిన ఎనిమిది సంపుటాల చారిత్రక సర్వే మాత్రం మిగిలింది. 1999లో భూమి కొన్న న్యూ ఆర్లీన్స్ లాయరు జాన్ కమింగ్స్ ఆ సర్వే చదివాడు. ఆయన తెల్లవాడు, అప్పటిదాకా ఇది పెట్టుబడి అనుకున్నవాడు. సెనెగల్ చరిత్రకారుడు ఇబ్రహీమా సెక్‌ను పరిశోధనకు కూర్చోబెట్టి, సొంత డబ్బు లక్షలకొద్దీ పోసి 2014 డిసెంబరులో మ్యూజియం తెరిచాడు. యజమాని కథ కాకుండా బానిసల కథే మొత్తంగా చెప్పే తోట ఇక్కడ అదే మొదలు.

అక్కడున్నదంతా అక్కడిది కాదు. అసలు గుడిసెలు చాలావరకు 1970ల్లో పడగొట్టారు, ఇప్పుడున్నవాటిలో వేరే తోటల నుంచి తెచ్చినవి ఉన్నాయి. చర్చిని విడుదలైన బానిసలు కట్టుకున్నారు గానీ అది నది అవతలిది. 2021లో ఐడా తుపాను ఇంకొన్ని పాడుచేసింది. అతుకుల బొంత అని పెదవి విరిచేవాళ్ళున్నారు. తెచ్చింది తెచ్చినట్టు చెబుతారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. నాకు లోటనిపించేది వేరే. చర్చిలో నిలబెట్టిన పిల్లల మట్టిబొమ్మలు మనసును ముందే ఒక వైపు తోసేస్తాయి, పేర్ల గోడలకు ఆ సాయం అక్కర్లేదు.

ఆ గోడల్లో ఒకటి విట్నీవాళ్ళది, 350కి పైగా పేర్లు. పక్కన పుట్టిన దేశం, వయసు, వచ్చిన పని. గ్వెండలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి ఏళ్ళ తరబడి కోర్టు కాగితాలు తిరగేసి తీసిన లూసియానా బానిసల పేర్లు 1,07,000 ఇంకో వరస నిండా. మూడో చోట పిల్లలు: ఈ ఒక్క జిల్లాలో అంతర్యుద్ధానికి ముందు దశాబ్దాల్లో చనిపోయిన బానిస పిల్లలు 2,200 మంది, ఆ వివరాలు చర్చి రిజిస్టర్ల నుంచి తీసినవి. కొందరికి పేరు లేదు, తల్లి పేరు మాత్రమే. చాలామందికి ఇంటిపేరు లేదు. ఆ గోడల దగ్గర్నుంచి పెద్దింటికి చేరేసరికి రంగుల పైకప్పులు చూసే కళ్ళు మారిపోతాయి. ఇంటిని ముందు చూపిస్తే అది జరగదు.

2025 మే 15న మా బాటన్ రూజ్‌కు దగ్గర్లో నాటోవే అనే తోటలో పెద్దిల్లు కాలిపోయింది. 1859లో జాన్ హాంప్డెన్ రాండాల్ఫ్ కట్టించిన మేడ, 53,000 చదరపు అడుగులు, మిగిలిన తోట మేడల్లో దేశంలోకెల్లా పెద్దది. కొన్నాళ్ళుగా పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హోటలు. మర్నాటికి సామాజిక మాధ్యమాలు రెండుగా చీలిపోయాయి, కొందరు ఏడ్చారు, కొందరు పండగ చేసుకున్నారు. మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే వాదన. నా వాదన ఏమిటంటే, ఆ ఇల్లు లేవడంలో ఆ తోటలోని 155 మంది బానిసల చెమట కూడా ఉంది, కాబట్టి కాలిపోయింది రాండాల్ఫ్ గొప్ప మాత్రమే కాదు, ఆ పనివాళ్ళ పని కూడా. పండగ చేసుకున్నవాళ్ళ కోపం మాత్రం నాకు అర్థమవుతుంది. అన్నేళ్ళు అక్కడ పెళ్ళి ఫోటోలు తీశారు, ఆ 155 మంది ఊసు సరిగా ఎత్తలేదు.

విట్నీ ఉన్న వాలెస్ ఊళ్ళో పాత బానిసల వారసులు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ పక్కనే పెద్ద ధాన్యం ఎగుమతి టెర్మినల్ కడతామని ఒక కంపెనీ వస్తే, జాయ్ బానర్, జో బానర్ అనే కవల అక్కచెల్లెళ్ళు డిసెండెంట్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ పెట్టి ఏళ్ళపాటు పోరాడారు. 2024 ఆగస్టులో కంపెనీ వెనక్కి తగ్గింది. అదే ఏడాది మొదట్లో ఆ సంస్థ అవతలి గట్టున లాప్లాస్‌లో ఉడ్‌లాండ్ అనే తోట ఇంటిని కొంది. 1811లో తిరుగుబాటు మొదలైన ఆండ్రీ తోట అదే. జాజ్ వాద్యకారుడు కిడ్ ఓరీ 1886లో పుట్టింది కూడా ఆ తోటలోనే. ఇప్పుడు ఆ ఇంటి పత్రాలు బానిసల వారసుల పేర ఉన్నాయి. ఈసారి చుట్టాలొస్తే విట్నీ అయ్యాక వంతెన దాటి అటు కూడా తీసుకెళ్ళాలి.